ఆయన ఎడమ చెయ్యి

మా ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఇదంతా రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ కోపమే ముందొచ్చేది, లేచిపోయేదాన్ని. ఇప్పుడు కాస్త నెమ్మదించాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. కొబ్బరి తోటలూ జీడి తోటలూ చూసి బయటివాళ్ళు కోనసీమలా ఉందంటారు. మా వీధిలోనే ఐదుగురు కిడ్నీ పేషెంట్లు ఉండేవారు. ఆయనకి 2015లో తెలిసింది. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. కాళ్ళ వాపు లేదు, మంట లేదు. నడుం నొప్పని ఊళ్ళో ఇచ్చిన నొప్పి బిళ్ళలు మింగుతూ తోట పని చేసుకుంటూనే ఉన్నారు. ఎవరో చెబితే రక్తపరీక్ష చేయించాం, క్రియాటినిన్ 6.8 వచ్చింది. కిడ్నీలు సరిగ్గా వడకడుతున్నాయో లేదో చెప్పే లెక్కట అది, ఒకటి చుట్టూ ఉండాలట.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. అక్కడ ఒక పెద్ద డాక్టరు తల కూడా ఎత్తకుండా ఏ ఊరని అడిగారు. ఉద్దానం అన్నాం. 'ఓ, అయితే మామూలే, మీ దగ్గర అందరికీ ఇదేగా' అని కాగితం ఇటు తోసేశారు. మామూలే! నా పక్కన ఆరేళ్ళ కూతురు నిలబడి ఉంది. ఎంతమందికి వచ్చినా నా ఇంట్లో వచ్చింది ఒక్క మనిషికే కదా. ఆ మాట ఇన్నేళ్ళయినా నాకు అరగలేదు. ఎందుకొస్తోందో పెద్దపెద్దవాళ్ళు వచ్చి నీళ్ళూ మట్టీ పట్టుకెళ్ళి పరీక్షలు చేసినా ఇదీ కారణమని తేల్చి చెప్పినవాళ్ళు లేరు, అది వేరే సంగతి. కానీ చెప్పే పద్ధతి ఒకటి ఉంటుంది కదా.

రెండేళ్ళు మందులతో నెట్టుకొచ్చి తర్వాత డయాలసిస్‌కి, అంటే మిషన్ పెట్టి రక్తం శుభ్రం చేయించడానికి వెళ్ళాం. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు, అంటే రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి పెడితే లోపల గిర్రున తిరుగుతున్నట్టు ఒక అదురు తెలుస్తుంది. అది ఆగిపోతే వెంటనే రమ్మన్నారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది గుచ్చకూడదు, బరువు మొయ్యకూడదు. రోజూ పడుకునే ముందు చెయ్యి ఇటు చాపి 'ఏమే, మోగుతోందా?' అని అడిగేవారు. నేను చెవి పెట్టి విని 'మోగుతోంది, పడుకోండి' అనేదాన్ని. అదే మాకు రాత్రి మాట.

నీళ్ళు కొలతే, తాగినవి ఒంట్లోనే ఉండిపోతాయి కదా. ఒక చిన్న స్టీలు గ్లాసు పెట్టుకున్నారు, రోజుకి ఇన్ని గ్లాసులని. కొబ్బరినీళ్ళు అసలు కూడదు. అందులో పొటాషియం ఎక్కువట, డయాలసిస్ వాళ్ళకి గుండె మీదికి వస్తుందట. పుట్టినప్పటి నుంచి కొబ్బరి చెట్టు కింద పెరిగిన మనిషికి!

2018 అక్టోబరు 10, బుధవారం రాత్రి. దసరా నవరాత్రులు మొదలైన రోజే. తెల్లారితే డయాలసిస్. తిత్లీ తుపాను వస్తోందని మైకులో చెప్పారు కానీ ఇంత వస్తుందని మేమెవ్వరం అనుకోలేదు. అర్ధరాత్రి దాటాక గాలి మొదలైంది. గాలి అనడం కూడా తప్పే, ఇంటి మీద లారీ పోతున్నట్టు. కరెంటు పోయింది. ఒక్కో కొబ్బరి చెట్టు పడుతుంటే నేల దడదడలాడేది. ఆయనకి ఆయాసం వచ్చేసింది, పడుకుంటే ఊపిరి అందట్లేదు. గోడకి రెండు తలగడలు ఆనించి కూర్చోబెట్టాను. పాప నా ఒళ్ళో ఉంది. పెంకులు లేచిపోయి వాన లోపలికి కొడుతోంది, ఒళ్ళంతా తడిసిపోయింది, ఆయనేమో దాహం, దాహం అంటున్నారు. రోజు కొలత అప్పటికే అయిపోయింది. నేను ఇవ్వలేదు. తడిగుడ్డతో పెదాలు మాత్రం తుడిచాను. ఆ గాలి హోరులో చేతి మోత వినబడక వేళ్ళు పెట్టి తడుముకుంటూ, అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటూ తెల్లారే దాకా కూర్చున్నాను.

తెల్లారాక చూస్తే తోట లేదు. రోడ్డు లేదు, అంతా చెట్లే. మరిది, వీధిలో కుర్రాళ్ళు నలుగురూ గొడ్డళ్ళు పట్టుకుని ముందు నడిచారు. ఆయన్ని నులక మంచం మీద మోసుకుంటూ, నరికినంత మేర నడుచుకుంటూ, ఆ తర్వాత ఎవరిదో ట్రాక్టరు ఎక్కి, డయాలసిస్ సెంటరుకి చేరేసరికి శుక్రవారం సాయంత్రం అయింది. అక్కడ టెక్నీషియన్ కుర్రాడు రెండు రోజులుగా ఇంటికి వెళ్ళకుండా జనరేటర్ మీద ఒక్కొక్కరికే మిషన్ పెడుతున్నాడు. వాళ్ళ ఇల్లు కూడా పడిపోయిందని తర్వాత తెలిసింది. ఆ బాబు చల్లగా ఉండాలి. విశాఖ డాక్టరు మీద కోపం వచ్చినప్పుడల్లా ఈ అబ్బాయిని తలుచుకుంటాను.

తిరిగొచ్చాక ఊళ్ళో మంచినీళ్ళు లేవు. రాలిన బొండాలే అందరూ కొట్టుకుని తాగుతున్నారు. మా పాప కూడా ఒకటి కొట్టించి, రెండు చేతులతో పట్టుకొచ్చి 'నాన్నా తాగు' అంది. ఆయన తీసుకుని కాసేపు ఒళ్ళో పెట్టుకున్నారు. 'నువ్వు తాగమ్మా, నేను చూస్తాను' అన్నారు.

ఆ తర్వాత మూడేళ్ళ పైన ఉన్నారు. 2019లో డయాలసిస్ వాళ్ళ పింఛను పది వేలయ్యాక ఆటో ఖర్చుకి చెయ్యి చాపే బాధ తప్పింది. ఆ ఏడే పడిపోయిన చెట్ల చోట కొబ్బరి మొక్కలు నాటారు, కుడి చేత్తోనే. అరసవల్లి మొక్కు కూడా తీర్చుకున్నాం. 2022 జనవరిలో డయాలసిస్ మీదే గుండె ఆగిపోయింది. దాని గురించి రాయలేను. పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఆ మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చాయి. కుళాయి తిప్పిన ప్రతిసారీ ఆయనే గుర్తొస్తారు.

మా వైపు వాళ్ళు ఇది చదివితే, ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోండి. నొప్పి బిళ్ళలు డాక్టర్ని అడక్కుండా మింగకండి.

ఆయన నాటిన చెట్లు ఈ ఏడు కాపుకొచ్చాయి. మొన్న పాప తొలి బొండాం కొట్టించి, ఆ చిన్న స్టీలు గ్లాసు వెతికి తెచ్చి, అంచు దాకా పోసి ఆయన ఫొటో ముందు పెట్టింది.

'ఇప్పుడు తాగొచ్చు కదమ్మా' అంది.