మస్టాంగ్ డైరీ: నెల రోజుల పాటు పెట్రోలు మీద అనుమానం

గోల జూన్ చివర్లో మొదలైంది. బండి బయటికి తీస్తే ఇరవై నిమిషాలు హాయిగా పోతుంది. ఆ తర్వాత దగ్గు, రెండు మూడు జర్కులు, ఇక ఆగిపోవడమే. పక్కకి లాగి అరగంట కూర్చుంటే, తనకేం తెలియనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

బండి 1965 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ కారు. కంపెనీ వేసిన ఛాసిస్ నంబరు 5ఎఫ్07సి అని మొదలవుతుంది. 5 అంటే 1965 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంట్, 07 హార్డ్‌టాప్, సి అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపేది) ఉన్న, 289 ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్. నేనుండేదీ ఆ ప్లాంట్ ఉన్న అమెరికాలోని మిషిగన్‌లోనే కాబట్టి, అది పుట్టిన చోటికి గంట లోపే వెళ్లిరావచ్చు. వెళ్లేటప్పుడు దారిలో ఆగకపోతే.

వేడెక్కాక ఆగిపోతోంది, చల్లారాక నడుస్తోంది అంటే ఎవరైనా ముందు అనుకునేది వేపర్ లాక్. అంటే పైపులోని పెట్రోలు ఇంజన్ వేడికి ఆవిరై, పంపు దాన్ని లాగలేకపోవడం. ఇప్పటి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలుస్తోంది, అది ఇంకా తొందరగా ఆవిరవుతుంది. ఇక్కడి ముసలాళ్లు దీనికి చెప్పే చిట్కా ఒకటుంది: పంపు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే ఇనప పైపుకి బట్టలారేసుకునే చెక్క క్లిప్పులు వరసగా పెట్టడం. మా ఆవిడ దగ్గర పన్నెండు తీసుకెళ్లి పెట్టాను. బండికి ఏమీ కాలేదు, క్లిప్పులు మాత్రం నల్లబడ్డాయి.

తర్వాత రెండు వీకెండ్లు ఆటోలైట్ 2100 కార్బురేటర్‌కి పోయాయి. విప్పి, కడిగి, కిట్‌లోని గ్యాస్కెట్లు, పవర్ వాల్వ్, నీడిల్ మార్చి, ఫ్లోట్ ఎత్తు సరిచేశాను. పాత రబ్బరు పైపులు తీసేసి ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాను. పంపు ప్రెషర్ 5 పీఎస్ఐ చూపించింది, అంటే బాగానే ఉన్నట్టు. ఇవేవీ వృథా పనులు కావు, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యాల్సినవే. కానీ ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలకి బండి మళ్లీ రోడ్డు పక్కనే ఉంది.

ఆ రోజు తిక్క పుట్టి అక్కడే బానెట్ ఎత్తి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్‌ని చేత్తో లాగాను. రెండు సన్నటి ధారలు ఠక్కున చిమ్మాయి. లోపల పెట్రోలు ఉంది! నెల రోజులుగా నేను చేసినదంతా లేని జబ్బుకి వైద్యం. ఈ అర నిమిషం పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే సరిపోయేది.

ఇంటికొచ్చాక తెనాలిలో ఉన్న మామయ్యకి ఫోన్ చేశాను. ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ తిప్పిన మనిషి. రెండు ముక్కలు వినగానే, "ప్లాటినం చూశావుట్రా? కండెన్సర్?" అన్నాడు. మన మెకానిక్కులు డిస్ట్రిబ్యూటర్ పాయింట్లని ప్లాటినం అనే అంటారు. డిస్ట్రిబ్యూటర్ అంటే ప్లగ్గులకి స్పార్క్ పంచేది, పాయింట్లు అంటే అందులో కాయిల్‌కి వెళ్లే కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్.

"అవి ఏప్రిల్లోనే కొత్తవి వేశాను మామయ్యా."

"కొత్తదైతే మంచిదని ఎవరు చెప్పార్రా నీకు?"

మర్నాడు బండి ఆగేదాకా నడిపి, ఒక ప్లగ్ వైరు ఊడదీసి, పాత ప్లగ్ తగిలించి, ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో ఇంజన్‌కి ఆనించి పట్టుకున్నాను. ఆవిడ తాళం తిప్పింది. నీలంగా, చటచటలాడుతూ రావాల్సిన స్పార్క్ పసుప్పచ్చగా, నీరసంగా వచ్చింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. నాలుగు నెలలైనా కాలేదు వేసి.

కండెన్సర్ పని చిన్నదే. పాయింట్లు విడిపోయే క్షణంలో అక్కడి కరెంటు గాల్లోంచి దూకబోతుంది. దాన్ని ఇది కాసేపు తనలోకి తీసుకుంటుంది. అప్పుడే కాయిల్లోని (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా పెంచే తీగచుట్టలోని) అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, ప్లగ్‌కి బలమైన స్పార్క్ వెళ్తుంది. కండెన్సర్ చేతులెత్తేస్తే ఆ కరెంటు పాయింట్ల మధ్యే మండుతుంది. పాయింట్లు మాడతాయి, స్పార్క్ చస్తుంది.

దాన్ని తీసి బల్ల మీద మల్టీమీటర్‌తో చూస్తే 0.23 మైక్రోఫారడ్, అంటే ఉండాల్సినంతే ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు, నేనూ పోబోయాను. ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఐదు నిమిషాలు వేడి పెడితే అంకె గెంతడం మొదలెట్టింది. చల్లారగానే మళ్లీ బుద్ధిగా 0.23. పేరు చెప్పను గానీ, ఇప్పుడు పెట్టెల్లో వచ్చే కొత్త కండెన్సర్లని నేను నమ్మను. ఏప్రిల్లో పీకేసిన పాతదాన్ని పారెయ్యకపోవడం నా అదృష్టం. వేడి చేసినా దాని అంకె కదల్లేదు. అదే మళ్లీ బిగించాను.

కొత్త పాయింట్లు పెట్టేటప్పుడు రాసుకున్న సంగతులు: 289కి గ్యాప్, అంటే పాయింట్లు విడిపోయినప్పుడు మధ్య ఖాళీ, 0.017 అంగుళం. క్రాంక్ బోల్ట్‌ని సాకెట్‌తో తిప్పుతూ, పాయింట్ల మడమ (కామ్‌ని రాసుకునే బుడిపె) కామ్ అంచు పైకి, అంటే డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది మూల పైకి, ఎక్కి నిలిచినప్పుడే కొలవాలి. ఫీలర్ గేజ్‌ని ముందు తుడవాలి, దాని నూనె పాయింట్లకి అంటితే కొత్తవి కూడా మాడతాయి. చివర్లో తెల్లకాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి లాగితే, మొదటిసారి బూడిద రంగు గీత పడింది. మూడోసారికి కాగితం శుభ్రంగా వచ్చింది. కామ్‌కి గ్రీజు అగ్గిపుల్ల తలంత చాలు.

గ్యాప్ మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా జరుగుతుంది, కాబట్టి ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండగా డిస్ట్రిబ్యూటర్ ఇరుసు తిరిగే కోణం, 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉండాలి, నాది 28 వచ్చింది. వాక్యూమ్ పైపు ఊడదీసి, దాని నోరు మూసి, టైమింగ్ 6 డిగ్రీలకి పెట్టాను.

ప్లగ్ గ్యాప్‌కి హాక్సా బ్లేడు చాలన్నాడు మామయ్య. బ్లేడుని కాలిపర్స్‌తో కొలిస్తే సరిగ్గా 0.025 అంగుళం. అంబాసిడర్ ప్లగ్‌కి కావలసింది కూడా అంతే! ఆయనది గుడ్డి లెక్క కాదన్నమాట. నా బండికి మాత్రం 0.034 కావాలి, కాబట్టి గేజ్ తప్పలేదు.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుకోమని చాలామంది అంటున్నారు. రోజూ ఆఫీసుకి ఇదే బండి వేసుకెళ్లేవాళ్లకి నేనూ అదే చెప్తాను. నాకు మాత్రం రోడ్డు పక్కన స్క్రూడ్రైవర్‌తో బాగయ్యేదే ఇష్టం. డ్యాష్‌బోర్డు అరలో ఇప్పుడు ఒక జత పాయింట్లు, హెయిర్ డ్రయ్యర్ పరీక్ష పాసైన ఒక కండెన్సర్ ఉన్నాయి.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వెళ్లాం. 1995 నుంచి జరుగుతున్న పాత కార్ల జాతర అది. డెట్రాయిట్ పక్కన ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ రోడ్డంతా బండ్లే, నడిచేవాళ్లు మనల్ని దాటిపోతుంటారు. వేడికి అంతకు మించిన పరీక్ష లేదు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా దగ్గలేదు. టెంపరేచర్ ముల్లు కాస్త పైకి వెళ్లినప్పుడల్లా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో బట్టల క్లిప్పులున్నాయని గుర్తుచేసింది.

300 మైళ్ల తర్వాత డ్వెల్ మళ్లీ చూశాను. మడమ కొంచెం అరిగి 29 అయింది, ముట్టుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు వాన పడింది, డ్రైవర్ పక్క సీటు కింద కార్పెట్ తడిసింది. అద్దం కింద గాలి వచ్చే జాలీ లోపలి రేకు తుప్పు పట్టి ఉంటుంది, ఈ మోడల్ మస్టాంగ్‌లకి అది మామూలు జబ్బే. వచ్చే శనివారం జాలీలో చెంబుడు నీళ్లు పోసి, ఎటు కారుతున్నాయో కింద పడుకుని చూడాలి.