1/700 విక్రాంత్, 1971 డిసెంబరు: పని ఎంతదాకా వచ్చింది

మన మొదటి విమానవాహక ఓడ ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 700 అడుగులు. దాని మోడల్ 1/700 స్కేలులో కడితే సరిగ్గా ఒక అడుగు, 304.8 మి.మీ. బడిపిల్లల స్కేలుబద్ద కంటే అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ, అంతే. లెక్కకి ఇంత సుఖమైన ఓడ ఇంకోటి దొరకడం కష్టం. డెక్ అత్యధిక వెడల్పు 128 అడుగులు, అంటే 55.7 మి.మీ. హల్ వెడల్పు 80 అడుగులు, 34.8 మి.మీ. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే కష్టమంతా ఉంది: సన్నటి ఒళ్లు, దాని మీద రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన వెడల్పాటి పలక.

కడుతున్నది 1971 డిసెంబరు నాటి, అంటే బంగ్లాదేశ్ యుద్ధకాలపు ఓడని. ఈ మాట కాగితం మీద రాసి బల్ల ముందు గోడకి అంటించుకోవాలి. ఎందుకంటే దొరికే ఫోటోల్లో చాలా భాగం 1980ల చివర స్కీ జంప్ (విమానం పైకి లేవడానికి డెక్ ముందుకొసన పెట్టే వాలు) పెట్టాక తీసినవి. ముక్కు పైకి లేచి ఉందంటే అది సీ హారియర్ జెట్‌ల కాలపు విక్రాంత్. 1971లో ముందుభాగం చదును, దాని మీద విమానాన్ని ముందుకి విసిరే ఆవిరి కాటపుల్ట్. ఓడ 1997లో సర్వీసు నుంచి తప్పుకున్నాక ముంబయిలో మ్యూజియంగా ఉన్న రోజుల్లో దగ్గర నుంచి తీసిన ఫోటోలు కూడా బోలెడు. హల్ పక్కల గూళ్లకి, నిచ్చెనలకి అవి బంగారం. మాస్టుకీ, రాడార్లకీ వాటిని నమ్మితే పాతికేళ్లు తప్పిపోతాం.

జూన్: షీటు, హల్

అంతా ప్లాస్టిక్ షీటుతో చేతి పనే. కావలసింది హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్, 0.3, 0.5, 1 మి.మీ. మందాల్లో. చెన్నై ప్యారీస్ కార్నర్ వెనక సందుల్లో "ప్లాస్టిక్ షీటు" అని అడిగితే పాలీప్రొపిలీన్, పీవీసీ, ఏదైనా చేతిలో పెడతారు. చిన్న ముక్క అడిగి తెచ్చుకుని నీళ్లలో వేసి చూడాలి. మామూలు నీళ్లలో తేలితే పాలీప్రొపిలీన్, లేదా నురగ బోర్డు. రెండూ ఈ పనికి రావు. మునిగితే, అర లీటరు నీళ్లలో 100 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించి అందులో వేయాలి. తేలితే స్టైరీన్ అయ్యే అవకాశం ఎక్కువ (ఏబీఎస్ కూడా తేలుతుంది, దాంతో పెద్ద చిక్కు లేదు). ఉప్పునీళ్లలోనూ మునిగితే పీవీసీ గానీ యాక్రిలిక్ గానీ.

అతుకులకి ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్, ప్లాస్టిక్‌ని కరిగించి అతికే ద్రవం). గాజు సీసాలోంచి 0 నంబరు బ్రష్‌తో సందులోకి ముట్టిస్తే చాలు, దానంతటదే పాకుతుంది. అసిటోన్ వాడితే అంచులు పెళుసెక్కి, సాండ్‌పేపర్ వేసినప్పుడు పొడిపొడిగా రాలతాయి. కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టుకుని చేయాల్సిన పని ఇది.

నీటిమట్టం నుంచి పైభాగమే కడుతున్నాం. అడుగున 1 మి.మీ. పలక, దాని మీద 20 మి.మీ. ఎడంలో 13 అడ్డగోడలు, నిడివిగా మధ్యలో ఒక వెన్నెముక. పై తొడుగు మొదట 0.3 మి.మీ. షీటుతో వేశాం. అది తప్పు. ఆరిన మర్నాటికి అడ్డగోడల మధ్య షీటు లోపలికి లాక్కుని, హల్ అంతా బక్క ఆవు డొక్కలా తేలింది. సన్నటి షీటుని ఎంఈకే మెత్తబరుస్తుంది, ఆరేటప్పుడు అది ముడుచుకుంటుంది. మొత్తం పీకి, అడ్డగోడల మధ్య 1 మి.మీ. ముక్కలు నిలువుగా నింపి, 0.5 మి.మీ. తొడుగు వేశాక నిలబడింది. అడుగు పలకలో ప్రతి గదికీ 2 మి.మీ. రంధ్రం తప్పనిసరి. లోపల చిక్కిన ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే, ఆరు నెలల తరవాత కూడా తొడుగు ఉబ్బుతుంది.

జులై, ఆగస్టు: డెక్

ఒక్క 1 మి.మీ. షీటు కంటే రెండు 0.5 మి.మీ. షీట్లు కలిపి అతికిస్తే డెక్ చదునుగా నిలబడుతుందన్నది లెక్క. లెక్క సరైనదే, అతికించిన పద్ధతి కాదు. రెండు పెద్ద పలకల మధ్య ఎంఈకే పూస్తే మధ్యలో చిక్కిన ద్రవం రోజుల తరబడి ఆరదు, ఆరినచోట లాగుతుంది. మూడో రోజుకి ముందుకొస 2 మి.మీ. పైకి లేచింది. వద్దనుకున్న స్కీ జంప్ దానంతటదే వచ్చింది.

రెండో డెక్‌కి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ వాడాం. స్టైరీన్ నున్నగా ఉంటే ఎపాక్సీ పట్టదు కాబట్టి లోపలి ముఖాలు రెండూ 220 నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, పాత ఏటీఎం కార్డుతో పలచగా లాగి, కడప బండ కింద 48 గంటలు ఉంచాం. చదునుకి కడప బండని మించింది లేదు, కాకపోతే మధ్యలో ప్లాస్టిక్ కవరు వేయకపోతే డెక్ బండకే అంటుకుంటుంది.

1 మి.మీ. డెక్ అంటే అసలు ఓడలో 70 సెం.మీ. మందం. అంచు అలాగే వదిలేస్తే చపాతీ పీటలా కనిపిస్తుంది. కింది వైపు నుంచి ఏటవాలుగా చెక్కి, బయటికి కనిపించే అంచుని 0.3 మి.మీ.కి తెచ్చాం. ఎడమ పక్క కోణపు డెక్ (విమానాలు దిగే దారి) బయటికి వేలాడే చోట ప్రతి అడ్డగోడకీ ఎదురుగా 0.5 మి.మీ. త్రికోణపు ముక్క ఆనించాం. ఇది లేకపోతే చెన్నై ఎండాకాలంలో ఆ మూల కిందికి జారుతుంది.

విమానాలని డెక్ మీదికి తెచ్చే లిఫ్టుల అంచులు సూది మొనతో గీసినవే. గీత లోతు 0.1 మి.మీ. దాటకూడదు, దాటితే వాష్ (గీతల్లో నిలిచే పలచటి ముదురు రంగు) వేసినప్పుడు కందకంలా కనిపిస్తుంది. లిఫ్టు వెడల్పు 34 అడుగులు, అంటే 14.8 మి.మీ. ఓడ మీది జెట్ విమానం సీ హాక్ రెక్కలు విప్పితే 17 మి.మీ. కాబట్టి లిఫ్టు మీద విమానం పెట్టేవారు రెక్కలు మడిచే పెట్టాలి. ఈ తప్పు చాలా మోడళ్లలో కనిపిస్తుంది.

సెప్టెంబరు: ఐలాండ్, తుపాకులు, కమ్ములు

ఐలాండ్ (డెక్ కుడి అంచున లేచిన కట్టడం) పెట్టెలు పెట్టెలుగా కట్టేదే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మాస్టుకి ప్లాస్టిక్ కడ్డీ వద్దు, తీగలు లాగగానే వంగిపోతుంది. 0.4 మి.మీ. ఇత్తడి తీగతో టంకం వేస్తే జీవితాంతం నిటారుగా ఉంటుంది. ఓడ మీది బోఫోర్స్ 40 మి.మీ. విమాన విధ్వంసక తుపాకీ గొట్టం ఈ స్కేలులో సుమారు 3 మి.మీ. పొడవు, 0.1 నుంచి 0.15 మి.మీ. మందం. ఎనామిల్ రాగి తీగ దానికి సరిపోతుంది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చుట్టలుగా అమ్ముతారు, పీసీబీలకి (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులకి) వాడే 0.3 మి.మీ. డ్రిల్ బిట్లు కూడా అక్కడే. ఆ బిట్లు కార్బైడ్‌వి, చేతిలో ఏమాత్రం పక్కకి ఒరిగినా పుటుక్కున విరుగుతాయి. పది కొంటే ఓడ పూర్తయ్యేసరికి రెండు మిగులుతాయి.

రాగి తీగ చుట్ట నుంచి వంకరగానే వస్తుంది. నున్నటి గాజు మీద పెట్టి, పైన స్టీలు స్కేలుతో అదిమి అటూ ఇటూ దొర్లిస్తే బాణంలా తిన్నగా అవుతుంది.

డెక్ అంచున వేసే ఇత్తడి ఎచింగ్ (ఆమ్లంతో కొరికి చేసిన రేకు) కమ్ముల ఎత్తు 1.5 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. వంపు తిరిగే చోట వేసే ముక్కలని ముందు కొవ్వొత్తి మంట మీద ఒక్క క్షణం ఆడిస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతాయి. సూపర్ గ్లూ సీసా నుంచి నేరుగా వద్దు. సూది కన్ను సగానికి కోసి, ఆ చీలికతో చుక్కలో పదోవంతు ముట్టించాలి. తేమ ఎక్కువున్న రోజున సూపర్ గ్లూ తొందరగా గట్టిపడటమే కాక, చుట్టూ తెల్లటి బూజులాంటి పొర వదులుతుంది. అందుకే కమ్ములన్నీ రంగు వేయకముందే అతికించాం. ఆ తెలుపు ప్రైమర్ కిందికి పోతుంది.

అక్టోబరు: విమానాలు

ఓడని దూరం నుంచి చూసేవాళ్లు కూడా విమానాల మీదికి వంగి చూస్తారు, కాబట్టి ఎక్కువ రోజులు పట్టింది వీటికే. లెక్క: తొమ్మిది సీ హాక్‌లు, మూడు అలిజేలు (జలాంతర్గాములని వెతికే ప్రొపెల్లర్ విమానాలు), ఒక అలూయెట్ హెలికాప్టర్. సీ హాక్‌లు నడిపిన 300 స్క్వాడ్రన్ వారి తెల్లపులి బొమ్మ ఈ స్కేలులో కంటికి ఆనదు, దాని జోలికి పోలేదు.

సీ హాక్ పొడవు 17.3, రెక్కల నిడివి 17 మి.మీ. ఒకే ఒక్క మాతృక (మూల నమూనా) చేసి అచ్చు పోయడం నయం. మొండెం 2.5 మి.మీ. స్టైరీన్ కడ్డీ నుంచి చెక్కినది, రెక్కలు 0.25 మి.మీ. షీటు. ఈ విమానానికి ముక్కులో గాలి రంధ్రం ఉండదు. రెండు రెక్కల మొదళ్లలో ముందు గాలి పీల్చే నోళ్లు, అదే మొదళ్లలో వెనక పొగ గొట్టాలు. ఈ నాలుగు రంధ్రాలు 0.4 బిట్‌తో వేస్తేనే అది సీ హాక్ అవుతుంది, లేకపోతే ఏదో ఒక జెట్. మడిచిన రెక్కల విమానానికి వేరే మాతృక అక్కర్లేదు. పోత వచ్చాక రెక్క బయటిభాగం కోసి, 0.2 మి.మీ. షీటు ముక్క పైకి నిలబెట్టాలి. మడిచాక మొత్తం వెడల్పు సుమారు 6 మి.మీ.

అలిజే గుర్తు వేరు. రెక్కల ముందు అంచు నుంచి ముందుకి పొడుచుకొచ్చిన రెండు కోడిగుడ్డు ఆకారపు బుడిపెలు (చక్రాలు మడిచేది వాటిలోకే), ముక్కున నాలుగు రెక్కల ప్రొపెల్లర్. పొట్ట కింద రాడార్ గిన్నె లోపలికి ముడుచుకునేది; డెక్ మీద ఆగి ఉన్న అలిజేకి దాన్ని కిందికి దించి చూపిస్తే తప్పు. రెక్కల నిడివి 22.3 మి.మీ., అందుకే డెక్ మీద ఇది సీ హాక్ కంటే పెద్దగా కనిపించాలి.

పోతకి మొదట పాలీయురెథేన్ రెజిన్ వాడాం. వర్షాలు మొదలైన వారం అది. విమానాలన్నీ ఇడ్లీ ముక్కల్లా బుడగలతో వచ్చాయి. గట్టిపడే రసాయనం గాలిలో తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, ఆ వాయువే బుడగ. డబ్బా ఒకసారి తెరిస్తే చెన్నైలో దానికి ఆయుష్షు తక్కువ. సిలికా జెల్ పొట్లాలు కాస్త ఆపుతాయి గానీ అక్టోబరులో ఆ పోరాటం దండగ. పారదర్శకమైన సిలికోన్ అచ్చు చేసి యూవీ రెజిన్‌కి మారాం. దానికి తేమతో పేచీ లేదు. టిన్ను ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికోన్‌తో పని చేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ఈ పారదర్శకపు రకం ఎక్కువగా ప్లాటినంతో గట్టిపడే జాతి. అచ్చు గోడలకి గంధకం ఉన్న క్లే వాడితే తగిలినచోట సిలికోన్ జిగటగానే మిగిలిపోతుంది. మాతృక 3డీ ప్రింటులో తీసినదైతే అదే బాధ.

30 పోస్తే 16 బాగా వచ్చాయి, 9 ఎంచుకున్నాం. మిగతావి రంగు ప్రయోగాలకి.

నవంబరు: రంగులు

సీ హాక్ పైన ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, కింద స్కై (లేత ఆకుపచ్చ కలిసిన బూడిద). మిస్టర్ హాబీ కంపెనీ రంగు హెచ్333లో నాలుగు పాళ్లకి ఒక పాలు తెలుపు కలిపాం. 17 మి.మీ. విమానం మీద అసలు రంగు నల్లగా కొడుతుంది, చిన్న వస్తువు మీద రంగు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది. రౌండెల్ (విమానం మీది జాతీయ వృత్తపు గుర్తు) బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. డెకాల్ (నీళ్లతో అంటించే స్టిక్కర్) లేదు, సూది మొన చదును చేసి చుక్క మీద చుక్క వేసినవి, బయటి చుక్క 1.3 మి.మీ. కాషాయం బదులు ఎరుపు వాడితే దూరం నుంచి ఇంకో దేశం విమానమవుతుంది.

డెక్ గీతలకి తిరగేసిన పద్ధతి. ముందు గీతలు వచ్చే చోట తెలుపు స్ప్రే చేసి, ఆరాక 0.4 మి.మీ. టేపు ముక్కలు అంటించి, ఆపైన ముదురు బూడిద. తరవాత గీత వేయబోతే తెలుపు మందంగా లేచి చేతికి తగులుతుంది. ఎయిర్‌బ్రష్ 0.2 మి.మీ. సూది, 15 నుంచి 18 పీఎస్ఐ.

వాన పడుతున్న రోజున లాకర్ క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శకపు వార్నిష్) కొట్టడం ఈ నెల చేసిన తప్పు. పొర ఆరుతూ చల్లబడి, గాలిలోని తేమని పట్టుకుని పాలు పోసినట్టు తెల్లబడింది. ఎండ కాసిన మధ్యాహ్నం థిన్నర్లో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపి పలచగా మళ్లీ కొడితే తెలుపు చాలావరకు పోయింది, వెనక లిఫ్టు దగ్గర మాత్రం మచ్చ మిగిలింది. ఎయిర్‌బ్రష్‌కి గాలినిచ్చే కంప్రెసర్‌కి వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే గిన్నె) ఒకటి చాలదు. ట్యూబు నాలుగైదు మీటర్లు ఉంటే గాలి దారిలోనే చల్లబడి నీరు ముందే విడిపోతుంది, రెండో ట్రాప్ ఎయిర్‌బ్రష్ దగ్గర ఉండాలి.

సముద్రం

నీటి పలక ఇంకా మొదటి దశలోనే ఉంది: థర్మోకోల్ మీద నలిపిన వాటర్ కలర్ కాగితం, పైన యాక్రిలిక్ జెల్. ఫెవికాల్ వాడిన చోట వార్నిష్‌తో మూసేయాలి, లేకపోతే తేమకి మళ్లీ మెత్తబడి అల వాలిపోతుంది. ముక్కు దగ్గర నురగ విషయంలో చేయి అదుపులో పెట్టుకోవాలి. 1971లో విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు, వేగం 16 నాట్ల లోపే. ముక్కు రెండు పక్కలా తెల్లటి మీసం మెలేసినట్టు నురగ పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ అది ఈ ఓడ కాదు. బంగాళాఖాతం లోతు నీళ్లకి ముదురు నీలం; మెరీనా ఒడ్డు నీళ్ల ఆకుపచ్చ పనికిరాదు. ఈ ఓడని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గరే సముద్రంలో మునిగిపోయింది, విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. అందుకే ఒడ్డు, కొండ, లైట్‌హౌస్ ఏవీ పెట్టడం లేదు.

డెక్ మీద అమరిక ఖాయమైంది. ఒక సీ హాక్ కాటపుల్ట్ మీద, నాలుగు రెక్కలు మడిచి ఐలాండ్ ముందు కుడి అంచున, మిగతావి, అలిజేలు ఐలాండ్ వెనక. కోణపు గీత లోపల ఒక్క చక్రం కూడా ఉండకూడదు, అది దిగేవాటి దారి. మనుషులు 2.4 మి.మీ., నలభై మంది దాకా కావాలి, ఇప్పటికి పదకొండుగురు తయారు. అలిజేలు రెండే పూర్తయ్యాయి. మూడోదాని ప్రొపెల్లర్ ట్వీజర్ల నుంచి ఎగిరి ఎక్కడో పడింది, 0.1 మి.మీ. ఇత్తడి రేకుతో ఇంకోటి కోయాలి. వెనక లిఫ్టు మచ్చ జనవరిలో, గాలి పొడిబారాక.