వీఏఎస్ ప్రిపరేషన్: డెడ్ స్పేస్, డ్రెయిన్లు నాకెలా బుర్రకెక్కాయంటే

వీఏఎస్ (వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే ప్రభుత్వ పశువైద్యుడి ఉద్యోగం) సెలక్షన్ లిస్ట్ వచ్చినప్పటి నుంచి ఒకటే మెసేజీలు: ఏ బుక్ చదివావు, రోజుకెన్ని గంటలు? సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి నేరుగా సర్జరీకి వస్తా. చాలామంది వదిలేసేది అదే, నాకు మార్కులు తెచ్చిందీ అదే.

హాల్‌స్టెడ్ అనే సర్జన్ చెప్పిన ఆపరేషన్ సూత్రాల్లో 'డెడ్ స్పేస్ (లోపల కణజాలం మధ్య మిగిలే ఖాళీ) మిగల్చకూడదు' అని చదివి పేజీ తిప్పేస్తాం. ఎందుకని అడిగితే నోరు పెగలదు. ఇంటర్న్‌షిప్‌లో ఓ ముసలి ల్యాబ్రడార్‌కి రొమ్ము గడ్డ తీశారు. చర్మం కింద అరచెయ్యి పట్టేంత ఖాళీ. అక్కడ రక్తం, సీరం చేరితే సీరోమా. అందులో బ్యాక్టీరియా పడితే, ఆ నీటిలోకి రక్తనాళాలే ఉండవు, మందు సరిగ్గా ఎలా అందుతుంది? సార్ వాకింగ్ సూచర్లతో (చర్మాన్ని కొంచెం కొంచెం ముందుకు లాగి కింది కణజాలానికి వేసే కుట్లు) కొంత మూసి, మిగతా చోట పెన్‌రోజ్ డ్రెయిన్ (స్రావం బయటికి పోవడానికి పెట్టే మెత్తటి రబ్బరు ట్యూబు) పెట్టారు. మర్నాడు కట్టు విప్పితే స్రావం ఎక్కువగా ట్యూబు బయటి గోడ వెంబడే జారుతోంది. అంతే, బిట్లన్నీ వాటంతటవే తేలిపోయాయి. దానికి రంధ్రాలు పెడితే ఉపరితలం తగ్గుతుంది, పని చెడుతుంది. కుట్టు లోంచి కాకుండా పక్కన వేరే గాటు, అదీ కింది వైపు, ఎందుకంటే అది నడిచేది గురుత్వాకర్షణ మీదే. ఛాతీలో పెడితే గాలి లోపలికి పోతుంది. జాక్సన్-ప్రాట్ అనే పీల్చే రకం డ్రెయిన్‌కి బల్బు నొక్కి వదిలితే చాలు, తనే లాగుతుంది, కింది వైపే పెట్టాలన్న పట్టింపు లేదు. 'స్రావం పూర్తిగా ఆగాకే తీయాలి' అన్న ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి. డ్రెయిన్ కూడా ఒంటికి పరాయి వస్తువే, అదున్నంతసేపూ ఎంతో కొంత ఊరుతూనే ఉంటుంది.

ఆరల్ హెమటోమాకీ (చెవి డొప్పలో రక్తం చేరి ఉబ్బడం) ఇదే లెక్క. రక్తం తీసేస్తే సరిపోదు, చెవికి ఇటు నుంచి అటు దిగేలా మాట్రెస్ కుట్లు (దారం వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చేవి) పడాలి, అవీ పొడవు దిశలో, నాళాలు బిగుసుకోకుండా. ఎద్దు మెడ మీద కాడి పుండు చీము పట్టినా గాటు పడేది కింది అంచునే.

మెడిసిన్, పారాసైటాలజీకి పాత పేపర్లు. జీఎస్‌కి (జనరల్ స్టడీస్) న్యూస్‌పేపర్. అంతే.

నాది అదృష్టమని మా బ్యాచ్‌లో ఒకరిద్దరు అంటున్నారట. డిస్పెన్సరీలో డ్యూటీ ముగించుకుని, ఒంటికి పేడ వాసన పోకముందే పుస్తకం పట్టినోణ్ణి. అన్న పెళ్లిలో కూడా తాళి కట్టేదాకే ఉన్నా. ఫోన్ పక్క గదిలో పెట్టలేనివాళ్లు కోచింగ్ సెంటర్లు మార్చి ఏం లాభం?

గైనకాలజీ నోట్సు అడిగినవాళ్లు ఆదివారం దాకా ఆగండి, స్కాన్ చేసి పెడతా. చేతిరాత మాత్రం భరించాలి.