హల్లానియాత్ దీవుల మోడల్: గుట్టలు కుదిరినయి, సముద్రమే సతాయిస్తున్నది

మళ్లీ బుడగలే. సముద్రం కోసం పోసిన రెసిన్ (కలిపి పోస్తే అద్దంలా గట్టిపడే జిగురు ద్రవం) పావుగంట దాకా తేటగానే ఉన్నది, గంట తిరిగేసరికి పెద్ద దీవి అల్ హల్లానియా ఈశాన్య ఒడ్డు పొడుగునా బుడగల గీత కట్టింది. ఒక్కో బుడగ 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గీత పొడవు 4 సెంటీమీటర్లు. మోడల్ స్కేలు 1:1,00,000 కాబట్టి, లెక్కకు ఒమన్ దగ్గరి అరేబియా సముద్రంలో నాలుగు కిలోమీటర్ల నురుగు గడ్డకట్టినట్టు!

ఈ స్కేలులో సెంటీమీటరుకు కిలోమీటరు. పడమర హాసికియా నుంచి తూర్పున కిబ్లియా దాకా దాదాపు 78 కిలోమీటర్లు ఉంటది కాబట్టి 90 × 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ తప్పలేదు. ఐదు దీవులూ కలిపితే నేల 73 చదరపు కిలోమీటర్లే. అందులో హల్లానియా ఒక్కటే 56, అల్ సౌదా 11. గర్జావుత్ అయితే బోర్డు మీద కంది గింజంత. 2,700 చదరపు సెంటీమీటర్ల బోర్డులో దీవులు 73 పోతే మిగిలిందంతా నీళ్లే, అంటే నూటికి 97 పాళ్లు. సముద్రం చెడితే గుట్టలు ఎంత బాగొచ్చినా ఎవడూ చూడడు.

ఎత్తు మూడు రెట్లు పెంచిన. హల్లానియా దాదాపు 500 మీటర్లు, అది 15 మిల్లీమీటర్లయింది. సౌదా 400 మీటర్లకు 12 వచ్చింది. ఐదు రెట్లు పెంచేటోళ్లున్నరు గానీ అప్పుడు గ్రానైట్ గుట్టలు గుడి గోపురాలైతయి, నాకు నచ్చదు.

నడిమి గ్రానైట్ గుట్టలకు క్రషర్ డస్ట్‌ను టీ వడపోతతో జల్లించి అద్దితే ఒక్క పూతకే కుదిరింది, నల్లగొండ బూడిదరంగు రాయి అక్కడ అచ్చంగా సరిపోయింది. ఈశాన్య కొసన నిటారుగా లేచే సున్నపురాయి గట్టుకు వాడపల్లి దిక్కు రాయి పొడి వాడిన (వయసు అడగొద్దు, మన కృష్ణా ఒడ్డు సున్నపురాయి దానికంటే చాలా పాతది). హాసికియా, కిబ్లియా మీద పక్షుల రెట్ట తెలుపు, రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో అద్దితే కుదిరింది.

ఇగ బుడగల సంగతి. కలిపేటప్పుడు చిక్కిన గాలి కాదిది. అదైతే బోర్డంతా సమానంగా రావాలె, ఐదు నిమిషాలల్ల పైకి తేలి పగలాలె. ఇవి ఒడ్డు గీత మీదనే, అందులోనూ దీవులను మలిచిన పుట్టీ మందంగా ఉన్నచోటనే వస్తున్నయి. గట్టు కింద పుట్టీ 6 నుంచి 7 మిల్లీమీటర్లు, మిగతా ఒడ్డున 2. పల్చటి చోట ఒక్క బుడగా లేదు. హీట్ గన్ తిప్పితే పోతయి, ఐదు నిమిషాలకు అదే రంధ్రం నుంచి కొత్తది వస్తది. గన్ వేడికి పుట్టీలోని గాలి ఇంకా ఉబ్బుతది కాబట్టి గన్ ఇక్కడ మందు కాదు, రోగమే.

రెండో అనుమానం వేళ మీద. పొద్దు వాలినంక చల్లబడ్డదని సాయంత్రం ఆరింటికి పోస్తే, గదిలో థర్మామీటర్ 36 డిగ్రీలు చూపింది. ఎనిమిదిన్నరకు 37.5! పగలంతా కాగిన స్లాబు అప్పుడే వేడిని లోపలికి దించుతది. బోర్డు వేడెక్కుతున్నంతసేపు పుట్టీ గాలిని బయటికి నెడుతది. బోర్డు చల్లబడుతున్నప్పుడు పోస్తే లోపలి గాలి ముడుచుకొని రెసిన్‌నే రంధ్రాల్లోకి గుంజుకుంటది. కాబట్టి మన దిక్కు ఎండాకాలంలో సరైన వేళ రాత్రి పదకొండు. తెల్లారుజామున పోసినా దండగే, గట్టిపడకముందే ఎండెక్కుతది.

దీన్ని తేల్చడానికి అదే పుట్టీ ముక్కలను ప్లాస్టిక్ గ్లాసుల్లో పెట్టి చూసిన. ఫెవికాల్ ఒక పాలుకు నీళ్లు మూడు పాళ్లు కలిపి ఒక పూత వేసిన ముక్కకు బుడగలు మస్తు. రెండు పూతలకు తగ్గినయి గానీ నిలువు ముఖం మీద పూత కిందికి జారి సన్న రంధ్రాలు మిగిలినయి. పోయబోయే రెసిన్‌నే బ్రష్‌తో పల్చగా పూసి, ముట్టుకుంటే వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, రాత్రి పోసిన ముక్క ఒక్కటే తేటగా వచ్చింది. అదే పూతతో సాయంత్రం పోసిన ముక్కకు మూడు చిన్న బుడగలు. అంటే పూత పనే ఎక్కువ, వేళ దాని తర్వాత. ఫెవికాల్ అతకడానికి మంచిదే, గాలిని ఆపడానికి పనికిరాదు.

పొర మందం 3 మిల్లీమీటర్లు దాటనీయొద్దు. ఆ మందానికి దాదాపు 790 మిల్లీలీటర్లు పడుతది, 2:1 లెక్కన రెసిన్ 525, హార్డ్‌నర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) 265. డబ్బా మీది 2:1 బరువుకా పరిమాణానికా అన్నది చూసుకోకపోతే ఎన్నటికీ జిగటగానే ఉంటది. 25 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు పనిచేసే మిశ్రమం ఇక్కడి 36 దగ్గర ఇరవై కూడా ఆగదు, గిన్నెలో ముద్దగా ఉంటే ఇంకా తొందరగా కాగుతది. కలిపిన వెంటనే బోర్డు మీద గుమ్మరించాలె. ఫైబర్ షాపుల్లో చవకగా దొరికే పాలిస్టర్ రెసిన్ జోలికి పోవద్దు, దీవుల కింద థర్మోకోల్ ఉంటే కరిగించేస్తది. రంగుకు అక్రిలిక్ వద్దు, అందులోని నీళ్లకు రెసిన్ పాలిపోతది. రెసిన్ పిగ్మెంట్ చుక్కలు చాలు.

రంగు మాత్రం నీలం కాదు, ఆకుపచ్చ కలిసినదే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు పైనీళ్లను ఒడ్డు నుంచి అవతలికి తోస్తయి, అడుగు నుంచి చల్లని నీళ్లు పోషకాలతో పైకి వస్తయి, నాచుజీవులు పెరిగి సముద్రం పచ్చబడుతది. ఈ బోడి దీవుల మీద అన్ని పక్షులు ఉండేదీ, 1850ల్లో బ్రిటిషోళ్లు రెట్ట తవ్వుకోవడానికి వచ్చిందీ ఆ నీళ్లల్లోని చేపల వల్లనే. దుకాణంలో దొరికే ముదురు నీలం పోస్తే అది మాల్దీవుల పోస్టరయితది.

బుడగల ఒడ్డును ఇప్పుడు 5 మిల్లీమీటర్ల వెడల్పున మినీ గ్రైండర్‌తో చెక్కేయాలె. గట్టు ముఖానికి రెసిన్ పూత, మిగతా నీళ్లకు 120 నంబరు గరుకు కాగితం రుద్ది, రాత్రి పదకొండుకు రెండో పొర. వానలు మొదలైతే గాలిలో తేమకు పైపొర జిడ్డెక్కుతది కాబట్టి మృగశిరలోపే కావాలె.

దీని తర్వాత ఎర్ర సముద్రంలో యెమెన్ వాళ్ల జుబైర్ దీవులు. 2011 డిసెంబర్‌లో షోలాన్, 2013లో జదీద్ సముద్రంలోంచి అగ్నిపర్వతాలుగా పుట్టుకొచ్చినయి. వాటికి నల్లరాయి పొడి కావాలె, కొడంగల్ దిక్కు బసాల్ట్ దొరుకుతది. స్కేలు 1:20,000 పెడితే బోర్డు ఎంతయితదో ఇంకా లెక్కగట్టలేదు. దాని దీవులకు పుట్టీ మాత్రం వాడేది లేదు.