డస్టర్ మాస్టారి బఠాణీ గింజ

మన బ్యాచ్ బడి జ్ఞాపకాల సంచిక కమిటీ తరఫున, అప్పటి మన క్లాసు సెకండ్ లీడర్ మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఎలాగూ ల్యాబ్‌లో ఖాళీయేగా, రెండు పేజీలు రాయరా" అని. ఖాళీయో కాదో వచ్చి చూడమన్నాను. ఆరు, ఏడు తరగతులు నాకు బొత్తిగా గుర్తులేవు. టెన్త్ అంటే హాల్ టికెట్ పోయిన టెన్షన్ ఒక్కటే. గుర్తున్నదల్లా తొమ్మిదిలో ఆ సోమవారం.

ప్రార్థనలో మన క్లాసు ఘంటసాల గొంతు పైస్థాయిలో చిరిగి మేకపిల్ల అరుపైన రోజు. నవ్వు మొదలెట్టిందెవరో రాయను, ఇప్పుడాయన హెడ్మాస్టరు.

సైన్సు చెప్పే డస్టర్ మాస్టారు వస్తూనే మొక్కల పాఠం మూసేసి, ఏటా "ఇంట్లో చదువుకోండి" అని దాటేసే యుక్తవయసు మార్పుల పాఠం తీశారు. జేబులోంచి బఠాణీ గింజ తీసి బల్ల మీద పెట్టారు.

"పీయూష గ్రంథి ఇంతే. మెదడు కింద ఉంటుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పురమాయిస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు పంపుతుంది. మొదట్లో ఎక్కువగా రాత్రిళ్ళే, మీరు గురక పెట్టేటప్పుడు. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఉత్తరం ఒకటే, అందుకునే ఇల్లు వేరు. అండాశయాలకి అందితే ఈస్ట్రోజెన్, వృషణాలకి అందితే టెస్టోస్టిరాన్."

ఘంటసాలని లేపి కంఠం మీద వేలు పెట్టుకోమన్నారు. "స్వరపేటిక పెరుగుతోందిరా. లోపలి తంత్రులు పొడవై మందమవుతున్నాయి. కొత్త హార్మోనియం చేతికొచ్చింది, వాయించడం ఇంకా రాలేదు, అంతే."

11 రోజులు చాప మీద కూర్చుని, చిమ్మిలి తిని తిరిగొచ్చిన మూడో బెంచీ అమ్మాయి ఆ రోజే తలెత్తి బోర్డు చూసింది. ఆడపిల్లలకి ఇదంతా ముందే మొదలవుతుందనీ, ఎత్తూ వాళ్ళే ముందు పెరుగుతారనీ విన్నాకగానీ మన పొట్టిబాబుకి, 'నిచ్చెన' అని పిలిచే పొడుగమ్మాయి మీద కోపం చల్లారలేదు.

నా సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు నా ఎడమ చనుమొన కింద రేగికాయంత గడ్డ తగిలేది. ముట్టుకుంటే నొప్పి. రెండు బనియన్లు వేసుకుని, జలుబని చెప్పి కాలవ ఈతకి రావడం మానేశాను. మీరు పిరికిగొడ్డు అన్నా పడ్డాను. మాస్టారు బోర్డు తుడుస్తూ, ఎవరి వంకా చూడకుండా, "చాలామంది అబ్బాయిలకి రొమ్ము దగ్గర గడ్డలా వస్తుంది. హార్మోన్ల హెచ్చుతగ్గులే. ఏడాది రెండేళ్ళలో మామూలుగా అదే పోతుంది" అన్నారు. ఇంటికెళ్ళే దారిలోనే రెండో బనియన్ విప్పి సంచిలో కుక్కాను.

ఇప్పుడు రాజమండ్రిలో ఆ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రిపోర్టుల మీదే రోజూ సంతకం పెడుతున్నాను. దసరాకి రెండో బ్రాంచి తెరిచాం. 8 ఏళ్ళు నిండకుండానే మార్పులు మొదలైన ఆడపిల్లల్ని, 14 నిండినా ఏ మార్పూ లేని అబ్బాయిల్ని తీసుకుని తల్లులు వస్తుంటారు. పిల్లాడు సిగ్గుపడితే నేను గోడమీది క్యాలెండరు చూస్తూ మాట్లాడతాను.

బెల్లు కొట్టాక మాస్టారు బల్ల కింద కూడా వెతికారు, బఠాణీ దొరకలేదు. నమిలేసినవాడే నన్ను మూడుసార్లు ఫోన్ చేసి విసిగించాడు.