జియో-సైంటిస్ట్ మెయిన్స్‌కి టంగ్‌స్టన్ ఎలా చదివానంటే

యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్షకి చదివేటప్పుడు ఎకనామిక్ జియాలజీలో (ఖనిజ నిక్షేపాల శాస్త్రం) టంగ్‌స్టన్ లోహం రాగానే చాలామంది స్కార్న్, గ్రైసెన్, క్వార్ట్జ్ వెయిన్ అని మూడు రకాల నిక్షేపాల పేర్లు రాసుకుని, కింద అది దొరికే రాజస్థాన్‌లోని డేగానా, బాల్డా చేర్చి పేజీ తిప్పేస్తారు. ప్రిలిమ్స్‌కి నడుస్తుంది. మెయిన్స్‌లో ‘ఎలా ఏర్పడింది’ అని అడిగితే మాత్రం ఆ పేర్లతో పావు పేజీ కూడా నిండదు. విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని నేను నోట్సంతా ఒక్క ప్రశ్న చుట్టూ రాసుకున్నాను: గ్రానైట్ నుంచి బయటపడ్డ వేడి ద్రవానికి దారిలో ఏం తగిలింది?

భూపటలంలో టంగ్‌స్టన్ సగటున పది లక్షల్లో 1 నుంచి 2 భాగాలే. దాని అయాన్ చిన్నది, ఛార్జి ఎక్కువ, కాబట్టి ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాల్లో ఇమడదు. మాగ్మా గడ్డకట్టేకొద్దీ మిగిలిన కరుగులో పోగవుతూ, చివరికి వేడి నీటి ద్రవంలోకి చేరుతుంది. ఆ ద్రవానికి సున్నపురాయి తగిలితే కాల్షియం దొరికి షీలైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజం ఏర్పడుతుంది. గార్నెట్, పైరాక్సీన్‌లతో కలిసి ఉండే స్కార్న్ ఇదే. గ్రానైట్ పైభాగంలోనే ఆగి ఫెల్డ్‌స్పార్‌ని క్వార్ట్జ్, మస్కొవైట్‌గా మార్చేస్తే గ్రైసెన్. పగుళ్లలోకి ఎక్కితే క్వార్ట్జ్ సిరలు. ఈ రెండు చోట్లా ఎక్కువగా ఇనుము, మాంగనీసు ఉన్న టంగ్‌స్టన్ ఖనిజం వుల్ఫ్రమైట్ కనిపిస్తుంది, తోడుగా తగరపు ఖనిజం కాసిటరైట్. ద్రవం చల్లబడటం, రాయితో చర్య జరిగి ఆమ్లత్వం తగ్గడం, వేరే నీటితో కలవడం: ఖనిజం ద్రవంలోంచి ఎందుకు విడిపడి పేరుకుందో చెప్పే ఈ కారణాలకే అసలు మార్కులు.

ల్యాబ్‌లో అవకాశం దొరికితే శాంపిల్స్ తప్పకుండా చేత్తో పట్టుకోండి. షీలైట్ చూడ్డానికి క్వార్ట్జ్ లాగే తెల్లగా ఉంటుంది, ఎత్తితే బరువు తెలిసిపోతుంది, సాంద్రత 6 దాకా ఉంటుంది మరి. షార్ట్‌వేవ్ అతినీలలోహిత దీపం కింద పెడితే నీలి తెలుపులో వెలుగుతుంది. మాలిబ్డినం కలిసి ఉంటే ఆ వెలుగు పసుపుకి తిరుగుతుంది. వుల్ఫ్రమైట్ నల్లన, ఇంకా బరువు, సాంద్రత 7 పైనే. ఒకే దిశలో నున్నగా చీలుతుంది.

విశాఖ వాళ్లం మరో ఉదాహరణ రాయొచ్చు. కైలాసగిరి మీద మనం తొక్కే ఖోండలైట్ (తూర్పు కనుమల్లో కనిపించే రూపాంతర శిల) లాంటి రాళ్లలోనే, పాత తూర్పు గోదావరి జిల్లా బురుగుబండ దగ్గర వుల్ఫ్రమైట్ ఉంది. డేగానా గ్రానైట్ పక్కన దీన్ని కూడా రాస్తే జవాబుకి బలం వస్తుంది.

బొమ్మ తప్పనిసరి. గ్రానైట్ గుమ్మటం, పైన సిరలు, పక్కన సున్నపురాయి గీసి, ద్రవం ఎటు వెళ్లిందో బాణాలు పెట్టి, ప్రతి బాణం చివర ఖనిజం పేరు రాయండి.