ఆ ఇంట్లో మనవాళ్ళెవరూ లేరంది

"నేను ఆ ఇంటి గురించి రాయను. అందులో మనవాళ్ళెవరూ లేరు కదా!" అంది మా అమ్మాయి. అమెరికాలో మేముండే ఊళ్ళో మొదట వచ్చి స్థిరపడిన కుటుంబం ఇంటి చరిత్ర రాసుకు రమ్మన్నారు బడిలో. ఆ మాట తప్పనడానికి నాకు నోరు రాలేదు. "మన చరిత్ర అక్కడ, ఇండియాలో ఉంది" అని పుట్టినప్పటినుంచీ దానికి నూరిపోసింది నేనే. అయినా రాయాల్సిందేనని పట్టుబట్టాను.

మీ పిల్లలకీ ఈ పని తగిలితే, గోడమీది ఫలకం చూసి నాలుగు ముక్కలు రాసి ఊరుకోనివ్వకండి. అందులో ఉన్నది ఆ కుటుంబం ఊళ్ళోకొచ్చిన ఏడాది కావచ్చు, ఇల్లు ఆ తర్వాతెప్పుడో కట్టి ఉండొచ్చు.

పొలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, ఇదీ అంతే. కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల ఆఫీసులో అమ్మినవాళ్ళ పేర్లతో ఒక సూచీ, కొన్నవాళ్ళ పేర్లతో ఒక సూచీ ఉంటాయి. ఇప్పటి యజమాని పేరు కొన్నవాళ్ళలో పట్టుకుంటే ఎవరు అమ్మారో తెలుస్తుంది. ఆ అమ్మినవాళ్ళ పేరు మళ్ళీ కొన్నవాళ్ళ సూచీలో వెతకాలి. హోమ్‌స్టెడ్ భూమి, అంటే కాపురముండి సాగు చేసుకున్నవాళ్ళకి ప్రభుత్వమిచ్చిన భూమి అయితే ఇలా వెనక్కి పోగా పోగా ప్రభుత్వమిచ్చిన మొదటి పట్టా దొరుకుతుంది. గొలుసు తెగేది ఎక్కువగా వారసత్వం దగ్గరే. తండ్రి పోయి కొడుక్కొస్తే అమ్మకం దస్తావేజు ఉండదు, ప్రొబేట్ ఫైళ్ళు, అంటే పోయినవాళ్ళ ఆస్తి గురించిన కోర్టు కాగితాలు తీయాలి. కూతురికొస్తే ఇంటిపేరు మారిపోయి ఉంటుంది.

దస్తావేజు చెప్పేది నేల సంగతే. ఇల్లెప్పుడు లేచిందో కావాలంటే పన్ను పుస్తకాల్లో ఏ ఏడు విలువ ఒక్కసారిగా పెరిగిందో చూడాలి. ఊరి నడిబొడ్డున ఉంటే అగ్ని బీమా కోసం శాన్‌బార్న్ కంపెనీ ఇల్లిల్లూ గీసిన పటాలున్నాయి. పసుపు రంగైతే చెక్క ఇల్లు, గులాబీ అయితే ఇటుక ఇల్లు. ఇంట్లో ఎవరెవరుండేవారో చూసే జనగణనలో మాత్రం 1880 నుంచి నేరుగా 1900కి దూకాలి. 1890 కాగితాలు 1921లో జరిగిన అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి.

పిల్లలకి నచ్చేది బేస్‌మెంట్. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే దూలాల మీద రంపపు గీతలు లేచి కనబడతాయి. తిన్నగా వరసలో ఉంటే పైకీ కిందికీ ఆడే పాతకాలపు రంపం, విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం. మేకు కాడ నలుపలకగా ఉంటే 1890లకి ముందుది కావచ్చు, గుండ్రటి తీగ మేకులు ఎక్కువగా ఆ తర్వాతివి. అయితే పాత ఇల్లు విప్పిన కలప కొత్తింటికి వాడుకునేవాళ్ళు. ఒక్క దూలం చూసి తేల్చేయకూడదు.

అసలు విషయం అమెరికా ప్రభుత్వ పాత కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లోని హోమ్‌స్టెడ్ ఫైల్లో ఉంటుంది. 1862 చట్టం ప్రకారం 160 ఎకరాల కోసం ఐదేళ్ళు కాపురముండి సాగు చేసినట్టు రుజువు చూపాలి. ఎలాంటి ఇల్లు కట్టారు, ఎన్నెకరాలు దున్నారు, ఇద్దరు సాక్షులు ఏం చెప్పారు, అన్నీ అందులో ఉంటాయి. బయటి దేశంలో పుట్టినవాళ్ళయితే పౌరసత్వ పత్రం నకలు కూడా. పిల్లల్ని అక్కడ కాసేపు ఆపండి. పౌరుడో, అవుతానని ప్రకటించినవాడో అయితేనే ఆ భూమి. 1790 చట్టం వలస వచ్చినవాళ్ళకిచ్చే పౌరసత్వాన్ని స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకే పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికన్ సంతతికి దారి తెరిచారు. 1923లో, పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు అర్హత లేదంది. 1946 దాకా అంతే. మనవాళ్ళెందుకు లేరన్నదానికి జవాబు ఆ ఒక్క నకల్లో ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఆదివాసీ తెగల నుంచి ఏ నేల ఏ ఒప్పందంతో తీసుకున్నారో చూపే రాయిస్ పటాలు 1899లో అచ్చయ్యాయి. మీ కౌంటీ మీద వేలు పెట్టి చూస్తే "మొదటి కుటుంబం" అన్న మాట ఇక నోటికి రాదు.

ఇదంతా పదేళ్ళ పిల్లకి చెప్పాలా? చెబితే ఇది మనది కాదన్న తన మాటే ఖాయం చేసినట్టవుతుందేమో. చెప్పకపోతే నేనూ ఫలకం చదివి వినిపించినట్టే. ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి మేకుల దాకా వచ్చాం.